పడుట యను విద్య: జూడో రత్నంగారి స్టంటు కళ

సినిమాను గూర్చి మనవారు వ్రాసిన విమర్శనములు తక్కువేమియు కావు. కథను గూర్చి, మాటలను గూర్చి, పాటలను గూర్చి, నటీనటుల హావభావములను గూర్చి పుటలకొలది వ్రాసినారు. ఛాయాగ్రాహకుని వెలుగునీడలకును, కళాదర్శకుని మంటపములకును గూడ నాలుగేసి వాక్యములు దక్కుచున్నవి. పోరాట దృశ్యముల యొద్దకు వచ్చుసరికి మాత్రము విమర్శకుని కలము "ఫైట్లు బాగున్నవి" అనియో, "ఫైట్లు మితిమీరినవి" అనియో రెండు మాటలు వ్రాసి ఆగిపోవును. ఎందుకు బాగున్నవో, ఎచ్చట మితిమీరినవో చెప్పువారు లేరు. ఆ దృశ్యమును కూర్చిన మాస్టరెవరో, హీరో దెబ్బకు మేడమీదినుండి క్రిందపడిన మనిషి యెవరో అడుగువారు అంతకంటెను లేరు.

ఈ లోపమును కొంతయైనను తీర్పవలెనను తలంపుతో, దక్షిణాది స్టంటు కళలో పెద్దదిక్కుగా పేరొందిన జూడో రత్నంగారి జీవితమును, పనితనమును ఇచ్చట పరిశీలింపబూనితిమి. మా వాదము సులభమైనది. తెరమీద వీరుడు నిలుచుట పడువాని విద్యపై ఆధారపడియున్నది. కాబట్టి స్టంటు మాస్టరు గొప్పతనమును కొలుచునప్పుడు, ఎన్ని దెబ్బలు చూపించెనని కాదు, దెబ్బలు తిని పడిన వారందరును సాయంకాలమునకు లేచి తమ తమ ఇండ్లకు పోయిరా యని మొదట అడుగవలెను. తక్కిన గుణదోషముల విచారణ అటుతరువాతిది.

తెలుగు సంఘమువారి సంచికలో గుడియాత్తపు మనిషిని గూర్చి వ్రాయనేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు తిరుత్తణియు, గుడియాత్తమును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఊళ్లు. అటుపిమ్మట తిరుత్తణి చిత్తూరులో చేరి, 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమునకు మారినది. గుడియాత్తము మాత్రము కౌండిన్యానది ఒడ్డున ఉన్నచోటనే ఉన్నది. తిరువళ్లూరు మీదుగా అరక్కోణము, కాట్పాడి దాటి పోవు రైలుమార్గమున అది మనకు పొరుగూరే. నేత మగ్గములకును, అగ్గిపెట్టెల పరిశ్రమకును, గంగమ్మ శిరస్సు జాతరకును పేరువడిన ఆ ఊరిలో తమిళము, తెలుగు, ఉర్దూ కలసి వినవచ్చును. అదియునుగాక, మన తెలుగు చిత్రములు చిరకాలము మద్రాసు వడపళనిలోనే తయారైనవి కదా! ఒకే ప్రాంగణములో ఒక ఫ్లోరుమీద తెలుగు, ప్రక్క ఫ్లోరుమీద తమిళము నడచిన రోజులవి. పాటకు భాష కావలెను, మాటకు భాష కావలెను. పడువానికి మాత్రము భాషతో పనిలేదు. స్టంటువారు ఇరుభాషలకును సమానముగా ఒళ్లు హూనము చేసికొనిరి.

కె. కె. రత్నంగారు 1930లో జన్మించిరి. 1959లో వెలువడిన "తామరైకుళం" అను తమిళ చిత్రములో నటుడుగా తెరకెక్కిరి. స్టంటు మాస్టరుగా ఆయనకు పేరు తెచ్చిన తొలి చిత్రము 1966 నాటి "వల్లవన్ ఒరువన్". సేలములోని మోడరన్ థియేటర్సువారు నిర్మించిన ఆ చిత్రములో కథానాయకుడు జయశంకర్. అటనుండి 1992లో వచ్చిన "పాండియన్" వరకు ఆయన పోరాటములు కూర్చుచునే యుండిరి. 2006లో "తలైనగరం" అను చిత్రములో నటుడుగా మరల కనిపించిరి. 1,200కు పైబడిన చిత్రములకు స్టంటులు కూర్చినవారుగా 2013లో గిన్నిస్ పుస్తకమున ఆయన పేరు చేరినది. తమిళనాడు ప్రభుత్వము కలైమామణి బిరుదునిచ్చినది. 2023 జనవరి 26వ తేదీన, తొంబదియేండ్లు దాటిన వయస్సున, పుట్టినగడ్డయైన గుడియాత్తములోనే కన్నుమూసిరి. జీవితచరిత్ర అని చెప్పుకొనుటకు ఇవి కొన్ని గీతలు మాత్రమే. అసలు సంగతి ఆయన పేరుకు ముందున్న "జూడో" అను రెండక్షరములలో ఉన్నది.

జూడో జపాను దేశపు విద్య. 1882లో జిగోరో కానో అను ఉపాధ్యాయుడు పాత కుస్తీపట్లలోని ప్రమాదకరములైన వాటిని తీసివేసి, బడిపిల్లలకు గూడ నేర్పదగిన రీతిని దీనిని రూపొందించెను. "జూ" అనగా మెత్తదనము, లొంగుబాటు. "డో" అనగా మార్గము. ఎదిరి బలమునకు అడ్డుపడక, ఆ బలమునే ఆధారము చేసికొని అతనిని బోర్లించుట దీని కీలకము. 1964 టోకియో ఒలింపిక్సులో దీనికి చోటు దొరికినది. అయితే జూడో శాలలో చేరిన వానికి మొట్టమొదట నేర్పునది ఎదుటివానిని పడవేయుట కాదు, తాను పడుట. గడ్డమును రొమ్ముకు ఆనించి తల నేలకు తగులకుండ కాచుకొనుట, చేతిని చాపి అరచేతితోను, ముంజేతితోను నేలను చఱచి దెబ్బను చెదరగొట్టుట, భుజముమీదుగా దొర్లి లేచుట, పడుచున్నప్పుడు ఊపిరి బిగబట్టక వదలుట: ఈ నాలుగు వచ్చువరకు గురువు పట్టు నేర్పడు. మన ఊళ్ల వస్తాదులు సాముగరిడీలలో "ముందు ఒడుపు, తరువాత బలము" అని నేర్పినదియు ఇదియే.

ఇట్టి విద్యను పేరుగా ధరించిన మనిషి సినిమా స్టంటులోనికి వచ్చుటలో ఒక ఔచిత్యమున్నది. సినిమా పోరు నిజమైన పోరు కాదని అందరికిని తెలియును. అయినను అది ఎట్లు కట్టబడునో తెలిసినవారు కొద్దిమంది. హీరో పిడికిలి విలనుగాని దవడకు జానెడు దూరములోనే ఆగిపోవును. కెమేరాను ఆ ఎడము కనబడని కోణమున నిలుపుదురు. అప్పుడు పిడికిలికి బలమిచ్చునది ఎవరు? దెబ్బ తినువాడు. అతడు తగిన క్షణమున తల విసరవలెను, కాళ్లు తేలవలెను, ఒళ్లు తిరిగి బల్లమీద పడి బల్ల విరుగవలెను. ఒక్క క్షణము ముందైనచో నవ్వులాట; ఒక్క క్షణము వెనుకైనచో నిజముగానే దవడ పగులును. శబ్దమును తరువాత చేర్చుకొందురు. హీరో చేసినది చేయి ఊపుట. దానిని పరాక్రమముగా మార్చినది ఎదుటివాని పతనము. పదిమంది రౌడీలు ఒక్కుమ్మడిగా మీదపడక వరుసగా వచ్చుచుందురేల యని మనము పరిహసింతుము. ప్రతి దెబ్బకును కెమేరా కోణము వేరు, పడుటకు కావలసిన చోటు వేరు. ఒకడు పడి దొర్లి తొలగినగాని మరియొకనికి క్షేమముగా పడు జాగా దొరకదు. ఆ వరుసలో కొంత కృత్రిమత్వ మున్నమాట నిజమే. కాని దాని వెనుక ఒక బాధ్యత గూడ ఉన్నది.

ఈ సూత్రము మనకు కొత్తది కాదు. భరతముని నాట్యవృత్తులలో ఆరభటి యను దానిని చెప్పి, దుముకుట, ఎగురుట, పడుట, పోరాడుట, ఇంద్రజాలము మొదలగువాటిని అందు చేర్చెను. రంగస్థలముమీద ఆయుధములు పట్టు విధానములకు న్యాయములని పేరుపెట్టి, నిజముగా పొడువరాదనియు, నెత్తురు చిందరాదనియు, అభినయముచేతనే ప్రహారమును తోపింపవలెననియు నియమించెను. అనగా, దెబ్బ తగులకుండ దెబ్బను చూపుటయే కళ యని రెండువేల యేండ్ల నాడే తేల్చిరన్నమాట. స్టంటును "కళ కాదు, కండ మాత్రమే" అని తీసిపారవేయు పండితులు ఈ ప్రకరణమును మరల చూచుట మంచిది.

శాస్త్రము వరకు పోనక్కరలేదు. తిరుత్తణి, చిత్తూరు ప్రాంతపు పల్లెలలో ద్రౌపదమ్మ గుడి ముంగిట జరుగు భారతపు ఉత్సవములను ఎరుగనివారు మనలో లేరు. కడపటి దినమున మట్టితో చేసిన మహాకాయుడగు దుర్యోధనుని బొమ్మ చుట్టును భీమ దుర్యోధన వేషధారులు గదలతో తిరుగుదురు. భీమునికి హారతి పట్టుదురు, దండలు వేయుదురు. కాని ఆ ఎండలో, ఆ బరువైన భుజకీర్తులతో పరుగెత్తి, సరియైన వేళకు సరియైన చోట పడిపోవు దుర్యోధన వేషగాడు లేనిచో ఆ ఉత్సవమేమగును? పడుట తెలిసిన దుర్యోధనుడు దొరకని సంవత్సరమున భీముని గద తేలిపోవునని ఊరి పెద్దలకు బాగుగా తెలియును. వేషము కుదుర్చునప్పుడు ఆ పాత్రకే ఎక్కువ వెదకుదురు. సినిమా చూచువారమగు మనము ఆ పెద్దల పాటి వివేకమును చూపలేదు.

ఇక రత్నంగారి పనిని విచారింతము. 1966 ప్రాంతమున జేమ్స్‌బాండు గాలి దక్షిణాదిన బలముగా వీచినది. తమిళమున జయశంకరుకు దక్షిణభారత జేమ్స్‌బాండని పేరువచ్చినది. అదే సంవత్సరము తెలుగులో "గూఢచారి 116" వెలువడి కృష్ణగారు ఆంధ్ర జేమ్స్‌బాండైరి. అంతవరకు మన తెరపై పోరనగా ప్రధానముగా కత్తియుద్ధము, గదాయుద్ధము, కర్రసాము. అది జానపద కథల కాలము. కత్తి పట్టినచో కాంతారావుగారే పట్టవలెనని జనము చెప్పుకొన్న కాలము. కత్తికిని కత్తికిని నడుమ మూడడుగుల దూరముండును. ఆ దూరమే రక్షణ. గూఢచారి కథలలో సూటుబూటు వేసిన మనుష్యులు గదులలో, మెట్లమీద, కారులచెంత ఒట్టిచేతులతో కలియబడవలసి వచ్చినది. దూరము పోయినది, ఒంటికి ఒళ్లు తగులు పోరు వచ్చినది. అట్టి మార్పు వచ్చినవేళ పట్టు, విసురు, పాటు తెలిసిన జూడో విద్యకు గిరాకి కలుగుట సహజము. రత్నంగారు ఆ కాలమునకు తగిన మనిషిగా వచ్చిరి.

ఈ సందర్భమున తెలుగువారందరెరిగిన ఒక కథను స్మరింపక తప్పదు. 1965 నాటి "తేనె మనసులు" చిత్రములో కొత్తనటుడైన కృష్ణగారు స్కూటరుమీద కారును వెంబడించి, డూపు లేకుండ తామే కారుమీదికి దుమికిరి. ఆ సాహసమును చూచి నిర్మాత డూండీగారు "గూఢచారి 116"లో వేషమిచ్చిరి. కృష్ణగారి ధైర్యమును ఎంత మెచ్చినను తీరదు. అయితే ఆ కథలో మరియొక అర్థమున్నది. హీరో ఒక్కమారు దుమికినచో అరువదేండ్లైనను మనము మరువము. అట్టి దుముకులను నెలకు పదిమార్లు దుమికిన డూపుకు పేరే లేదు. పేరు తెలియరాదన్నదే అతని కొలువులోని మొదటి షరతు. అతడు ఎంత చక్కగా పనిచేసిన అంత చక్కగా మరుగుపడును. లోకములో ఇట్టి ఉద్యోగము వేరొకటి ఉన్నదో లేదో మాకు తోచదు.

రత్నంగారి కృషిలో ఎన్నదగినది 1980లో ఎ.వి.ఎం. వారు ఎస్. పి. ముత్తురామన్ గారి దర్శకత్వమున నిర్మించిన "మురట్టుకాళై". "వల్లవన్ ఒరువన్"లో నాయకుడైన జయశంకర్ ఇందులో ప్రతినాయకుడు, రజనీకాంత్ నాయకుడు. పదునాలుగేండ్లలో ఒక నటుడు గెలుచు పక్షమునుండి ఓడు పక్షమునకు మారెను; ఇరువైపుల పోరును కూర్చినవారు మాత్రము రత్నంగారే. ఆ చిత్రములోని పరుగెత్తు రైలుమీది పోరు నేటికిని జనుల నోళ్లలో ఉన్నది. దానిని మేము మంచి పోరుదృశ్యమునకు లక్షణముగా చూపుదుము. కారణములు మూడు.

మొదటిది, స్థలము ప్రేక్షకునకు తెలియును. రైలు పెట్టె పైకప్పు నడుమ ఎత్తుగా, ప్రక్కలకు జారుగా ఉండునని మన అరక్కోణము మార్గపు పిల్లవానికి గూడ తెలిసిన విషయమే. అడుగు తప్పినచో ఏమగునో ఎవరును వివరింపనక్కరలేదు. అపాయమును మాటలతో చెప్పు పోరుకంటె చోటుతో చెప్పు పోరు మేలు. రెండవది, ఒళ్లు పూర్తిగా కనబడును. ఆ కాలపు కెమేరా దూరముగా నిలిచి మనుష్యులను నిలువెల్ల చూపును. కాలు ఎచ్చట మోపెనో, బరువు ఎటు మొగ్గెనో చూచువానికి తెలియును. రెప్పపాటుకొక ముక్క అతికించు నేటి కూర్పులో పోరు వేగముగా ఉన్నట్లు తోచును. ఎవరు ఎవరిని కొట్టిరో మాత్రము బోధపడదు. మూడవది, అచ్చట పోరు కథలో భాగము. ఎద్దును లొంగదీయు పల్లెటూరి మొరటువాడుగా మొదటనే మనకు పరిచితుడైన నాయకుడు ఆ మొరటుదనముతోనే రైలుమీదను నిలుచును. పాత్ర స్వభావమునకు పోరు వ్యాఖ్యానమైనది.

1983లో వచ్చిన "పాయుం పులి"యందు నాయకుడు గురువునొద్ద యుద్ధవిద్య నేర్చుకొనును. హాంకాంగు చిత్రముల ప్రభావము అందు స్పష్టము. విద్య వచ్చుటకు శ్రమ కావలెనని చూపుట ఆ చిత్రమునకు గౌరవము తెచ్చు విషయమే. మన నాయకులలో పెక్కుమంది పుట్టుకతోనే పదిమందిని కొట్టగలవారు. ఎచ్చట నేర్చిరని అడుగరాదు.

ఇన్ని గుణములు చెప్పి దోషములు దాచుట విమర్శ యనిపించుకొనదు. జీవితమంతయు లెక్కల పుస్తకముల నడుమ గడపిన వారమగుటచే పెద్ద అంకె కనబడగానే భాగించి చూచుట మాకు అలవాటు. 1966 నుండి 1992 వరకు ఇరువదియారేండ్లు. 1,200 చిత్రములను ఆ యేండ్లకు పంచినచో ఏటికి 46, నెలకు దాదాపు నాలుగు. ఇంత తొందరలో ప్రతి పోరును కొత్తగా ఆలోచించుట మానవమాత్రుని తరము కాదు. అదే గోదాము, అవే డబ్బాలు, అదే అద్దము పగులుట, అదే మెట్లమీద దొర్లుట ఆ కాలపు చిత్రములలో మరల మరల కనబడుట కిదియే కారణము. ఇది ఒక్క మాస్టరు లోపము కాదు. పాటకు వారము, పోరుకు రెండుపూటలు అని బేరమాడు పరిశ్రమది. నాయిక పోరాడవలసివచ్చినచో అది హాస్యముగానో, అద్భుతముగానో చూపి ఊరకుండుట మరియొక లోపము. ఆడువారి ఒంటికి తగిన పోరును ఆ తరము శ్రద్ధగా ఆలోచింపలేదు. గిన్నిస్ పుస్తకపు అంకెను చూచి మురియువారు ఈ వెనుక సంగతిని గూడ తలపవలెను.

అయితే ఆ అంకెనుండియే మరియొక సత్యము బయటపడుచున్నది. నెలకు నాలుగు చిత్రములు ఒక్కచేతి పని కాదు. ఆయన వెంట ఒక బడి నడచినది. సూపర్ సుబ్బరాయన్, విక్రం ధర్మ, జాగ్వార్ తంగం మున్నగువారు ఆ బడిలో పనిచేసి తరువాత తామే మాస్టర్లైరి. ప్రతినాయక పాత్రలలో పేరుగాంచిన పొన్నంబలం గూడ ఆ శిష్యులలోని వారే. సంగీతములో గురుపరంపర చెప్పుదుము, నాట్యములో బాణీ చెప్పుదుము. స్టంటుకును పరంపర యున్నదనియు, బాణీ యున్నదనియు ఒప్పుకొనుటకు మనము ఏల వెనుకాడవలెను? ఆయన మరణించినప్పుడు నివాళులర్పింపవచ్చిన రజనీకాంత్ గారు పత్రికలవారితో చెప్పిన మాటల సారాంశము గమనింపదగినది. రైలుపోరును మరువరాదనియు, ఎందరినో మాస్టర్లుగా తీర్చిదిద్దిరనియు, ఫైటర్ల క్షేమముపై మిక్కిలి శ్రద్ధ వహించెడివారనియు, స్వభావమున మృదువైన వారనియు ఆయన చెప్పిరి. తెరమీద పిడుగువలె కొట్టు పోరుల వెనుక ఉన్నది ఒక మెత్తని మనిషి! "జూ" అను జపాను మాటకు ఇంతకంటె మంచి అర్థము నిఘంటువులో దొరకదు. ఆయన కడపటి చిత్రమైన "పాండియన్" ముత్తురామన్ గారి యూనిట్టులోని పనివారల మేలుకొరకు నిర్మింపబడినదగుట గూడ ఇచ్చట స్మరణీయము. తెరవెనుక చేతులకొరకు తీసిన చిత్రముతో తెరవెనుక మనిషి సెలవు తీసికొనెను.

ప్రపంచమంతట ఈ పనివారల కథ ఇంచుమించు ఒక్కటియే. అమెరికాలో యకీమా కానట్ అను మహానుభావుడు 1939 నాటి "స్టేజ్‌కోచ్" చిత్రములో పరుగెత్తు గుఱ్ఱముల నడుమ జారి బండిక్రిందుగా పోవు సాహసము చేసెను. "బెన్‌హర్"లోని రథముల పందెమును సిద్ధపరచినవారిలో ఆయన ముఖ్యుడు. 1967లో ఆయనకు ఆస్కారువారు గౌరవ బహుమానమిచ్చిరి. సాహసములకే గాక, స్టంటువారి ప్రాణరక్షణకు ఆయన కనిపెట్టిన సాధనములకు గూడ. ఎంత సముచితమైన కారణము! అయినను స్టంటుకు ప్రత్యేక బహుమానమును పెట్టుటకు ఆ సంస్థవారు 2025 వరకు ఆగిరి. 2027లో విడుదలయగు చిత్రములతో ఆ బహుమానము మొదలగునని ప్రకటించిరి. మన దేశమున జాతీయ చలనచిత్ర బహుమతులు 1954లో ఆరంభము కాగా, పోరాట దర్శకత్వమునకు బహుమతి 2016 సంవత్సరపు చిత్రములతోగాని రాలేదు. మొదట అందుకొన్నవారు "పులిమురుగన్" అను మలయాళ చిత్రమునకు పీటర్ హెయిన్. తరువాత "బాహుబలి" రెండవ భాగము, "ఆర్ ఆర్ ఆర్", "హనుమాన్" అను మూడు తెలుగు చిత్రములకు ఆ గౌరవము లభించినది. రత్నంగారు పనిచేసిన కాలమంతయు అట్టి బహుమతియే లేదు.

తెలుగువారిలో ఈ విద్యను నేడు ముందు నిలిపినవారు రామ్-లక్ష్మణ్ అను కవలసోదరులు. చీరాల దగ్గరి కారంచేడునుండి బయలుదేరి మద్రాసు చేరి, పడువారి వరుసలో నిలిచి, క్రమముగా మాస్టర్లై నంది బహుమతులు పొందిరి. "సరిలేరు నీకెవ్వరు", "వాల్తేరు వీరయ్య" వంటి చిత్రముల పోరులు వారు కూర్చినవే. పల్లెటూరి పేదపిల్లలు ఒంటినే పెట్టుబడిగా పెట్టి పైకివచ్చిన కథ అది. వారి కాలమునకు తాళ్లతో గాలిలో లేపుటయు, ఆ తాళ్లను కంప్యూటరుతో తుడిచివేయుటయు వచ్చినవి. తాడు మంచిదే, ప్రాణము కాచినంతవరకు దానికి నమస్కరింతుము. కాని ఒక్క తన్నుకు ఇరువదిమంది ఆకసమున గిరికీలు కొట్టునప్పుడు ఒంటి బరువు మాయమగుచున్నది. బరువు లేనిచోట పాటు లేదు, పాటు లేనిచోట గెలుపునకు రుచి లేదు. రైలుకప్పుమీది ఒక్క జారుడు ఈ ఇరువది గిరికీలకంటె గుండెను పట్టుటకు కారణమిదియే.

ఇంతకంటె బరువైన మాట ఒకటి మిగిలియున్నది. తాళ్లు, పరుపులు, యంత్రములు ఇన్ని వచ్చిన తరువాతను మనుష్యులు చనిపోవుచునే యున్నారు. 2024 జూలైలో చెన్నైలోని ఒక షూటింగులో సుమారు ఇరువది అడుగుల ఎత్తునుండి పడి ఒక స్టంటు కళాకారుడు మరణించెను. 2025 జూలైలో నాగపట్టణము జిల్లాలో కారును గాలిలోనికి లేపు దృశ్యము తీయుచుండగా అనుభవజ్ఞుడైన మరియొకడు ప్రాణము విడిచెను. ఆ దృశ్యము తెరమీద ఎన్ని క్షణములుండెడిదో లెక్కించినచో మనసు కలుక్కుమనును. మనము వేసిన ఈలలలో, "ఇంకను పెద్ద ఫైటు కావలె" అను మన కోరికలో ఆ సాహసమునకు కొంత ప్రేరణ ఉన్నది. కావున వినోదము ముగిసినంతనే మన బాధ్యత ముగియదు. పోరును చూచి "ఎంత భయంకరము!" అని మెచ్చు బదులు "ఎంత నేర్పు!" అని మెచ్చుట మనము నేర్చినచో, నిర్మాతలును ఆ నేర్పునకే సొమ్ము వెచ్చింతురు. విమర్శకు ఇంతకంటె పెద్ద ప్రయోజనము వేరొకటి కానరాదు.

మన సంఘములు ఉగాదికి గాయకులను పిలుచుచున్నవి, నటులను పిలుచుచున్నవి, శాలువలు కప్పుచున్నవి. మంచి పనియే. వడపళని వీథులలో మోకాళ్లు అరిగి, భుజములు తప్పి, వృద్ధాప్యమున మెల్లగా నడచు స్టంటు కళాకారులు నేటికిని ఉన్నారు. వారిలో మన తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములవారును, తెలుగు చిత్రములకు ఒళ్లు అప్పగించినవారును ఉందురు. ఒక్క ఏడు వారిలో ఒకరిని వేదికపై కూర్చుండబెట్టి, ఏ చిత్రములో ఎచ్చట పడిరో వారి నోటనే చెప్పించి, వ్రాసి దాచుట మనకు అసాధ్యము కాదు. 1960లో సరిహద్దు గీత మారినప్పటినుండి ఈ ప్రాంతపు తెలుగువారికి ఒక సంగతి అనుభవములో తెలిసియున్నది. ఉన్నచోటనే ఉండి, పని చేయుచునే ఉండి, పేరు మాత్రము జాబితాలో కనబడకపోవుట ఎట్టిదో ఇతరులు మనకు వివరింపనక్కరలేదు. అట్టివారమగు మనమైనను పేరులేని పనివానిని పేరుపెట్టి పిలువవలదా?

తిరుత్తణి కొండమీద ఒక విశేషమున్నది. స్కందషష్ఠి నాడు తక్కిన సుబ్రహ్మణ్యక్షేత్రములలో శూరసంహారము జరుపుదురు. ఇచ్చట అది లేదు. స్వామికి పుష్పాంజలి మాత్రము సమర్పింతురు. యుద్ధము ముగించి, కోపము చల్లార్చుకొని స్వామి విశ్రమించిన చోటని పెద్దలు చెప్పుదురు. పోరునకు అర్థము పోరులో లేదు, పోరు ముగిసిన పిమ్మటి క్షేమములో ఉన్నదని ఈ క్షేత్రము మనకు బోధించుచున్నది. జూడో రత్నంగారు తమ పనిలో పాటించినదియు ఆ ధర్మమే. పడినవారిని లేపి, దుమ్ము దులిపి, ఇంటికి పంపిన ఆ మాస్టరు స్మృతికి ఈ వ్యాసమును మా వంతు పుష్పాంజలిగా సమర్పించుచున్నాము.